ఊమ్ గారి నులక మంచం

ఇది ఇప్పుడే రాయాలి... మా నాన్న పోయి మూడు వారాలైంది. ఆయన ఖతర్ ఫోన్ నంబరు ఈ నెలాఖరుతో ఆగిపోతుంది. దక్షిణాఫ్రికాలో ఉన్న ఒక పెద్దాయనకు మా దగ్గరికి ఉన్న దారి ఆ నంబరు ఒక్కటే.

నా చిన్నప్పుడు ఖతర్‌లోనే, అల్ షహానియా అనే ఊళ్ళో ఉండేవాళ్ళం. ఆ పెద్దాయన ఒంటెల డాక్టరు. నాన్న ఆయన డ్రైవరు, అమ్మ ఆయన ఇంట్లో వంట. ఇంటి వెనక గదిలో మేం ముగ్గురం...

"సార్ అనొద్దంటమ్మా. ఊమ్ అనాలంట. వాళ్ళ ఆఫ్రికాన్స్ భాషలో బాబాయ్ అని" అన్నాడు నాన్న. గోదావరి మనిషి కదా, ఉత్త ఊమ్ అనడానికి నోరు రాలేదు. చివరిదాకా 'ఊమ్ గారూ' అనే పిలిచాడు.

పికప్ బండిని ఊమ్ 'బక్కీ' అనేవారు. అమ్మ చేపల పులుసు 'లెక్కర్', అంటే భలే ఉందని. ఒంటె కాలు తొక్కితే 'ఎయ్నా!' అని అరిచేవారు... ఆ అరుపు ఆ నేల మీద ముందునుంచీ ఉన్న ఖోయ్ జనానిదట. 'చాలా' అనడానికి వాడే 'బాయా' మలయ్ మాటట. బడి నుంచి రాగానే రోజుకొక మాట అడిగేదాన్ని. మా ఇంట్లో బడికి వెళ్ళింది నేనే మొదలు. నేనేది అడిగినా నాన్నకు ముచ్చటే.

నాన్నకు పరుపు మీద నిద్ర పట్టేది కాదు. చెక్కలతో పట్టెలూ కోళ్ళూ చేసి, ఒంటెల్ని కట్టే నీలం తాడుతో మంచం అల్లుకున్నాడు. అక్కడ సెలవు శుక్రవారమే కదా, చర్చి నుంచి రాగానే కాళ్ళవైపు తాడు బిగించేవాడు. ఒకరోజు ఊమ్ వచ్చి, సరిగ్గా ఆ తాళ్ళవైపే తల పెట్టి పడుకున్నారు.

"అటు కాళ్ళండీ ఊమ్ గారూ! తల ఇటు!" నాన్నకు నవ్వు ఆగలేదు.

ఊమ్ కూడా నవ్వి, పట్టె తట్టి "కాటెల్" అన్నారు. వాళ్ళ భాషలో మంచం. తమిళ 'కట్టిల్' మలయ్ మీదుగా అక్కడికి చేరిందట. తర్వాత నెమ్మదిగా చెప్పారు... ఒకప్పుడు డచ్చివాళ్ళు మన తీరం నుంచి కూడా మనుషుల్ని బానిసలుగా ఓడల్లో ఊమ్ వాళ్ళ దేశానికి పట్టుకెళ్ళారని.

నాన్న నవ్వు ఆగిపోయింది. "వాళ్ళ పేర్లేంటండీ?"

"నేమ్ మాఫీ, రత్నం. ఖలాస్" అన్నారు ఊమ్, పేర్లు లేవు, అంతేనని గల్ఫ్ మాటల్లో. యజమానులు వేరే పేర్లు పెట్టారట. సొంత పేర్లు చాలామందివి మిగల్లేదట.

నాన్న ఆ పూట అన్నం తినలేదు. "మనుషుల పేర్లు పోయి, మంచం పేరు మిగిలిందే..." అన్నాడు అమ్మతో.

ఊమ్ తన దేశం వెళ్ళిపోయేటప్పుడు ఆ మంచం అడిగారు. కోళ్ళు విప్పి మూట కట్టే ముందు నాన్న నన్ను పిలిచాడు. "పట్టె మీద నా పేరు రాయమ్మా. తెలుగులోనే రాయి." ఎర్ర రంగుతో రాశాను. ఆరేదాకా పక్కనే కూర్చున్నాడు...

అప్పటినుంచి ప్రతి క్రిస్మస్‌కీ ఊమ్ ఫోన్ చేసేవారు. ప్రతిసారీ కొత్త నంబరు నుంచే. నాన్న మొదటి మాట, "తాడు బిగించారా ఊమ్ గారూ?" రెండోది, "పేరు ఉందాండీ?"

ఇప్పుడు 'లెక్కర్' అంటే నవ్వేది అమ్మ ఒక్కతే... అదీ ఈమధ్య నవ్వడం లేదు.

ఖతర్‌లో ఒంటెల వైద్యం చేసి వెళ్ళిన, ఇంట్లో నీలం తాడు మంచం ఉన్న ఊమ్ మీకెవరికైనా తెలుసా? ఆయన అసలు పేరు నాకు తెలీదు, మాకెప్పుడూ ఊమే. నాన్న నంబరు ఆగిపోయే ఇరవై ఎనిమిదో తేదీలోపు ఇక్కడ ఒక్క మాట రాయండి. నాన్న లేడని ఆయనకు నేనే చెప్పాలి. పేరు ఇంకా ఉందా అని, ఈసారి నేనే అడగాలి.