మూడోసారీ ఆరని పెదవులు

ఈ సాయంత్రం నాలుగింటికి వినైల్ బొమ్మ పెదవుల రంగు మూడోసారి కూడా వేలికి అంటింది. గుణదలలో మా అక్క పాత బొమ్మలకు రంగులేస్తుంది. ఆ రంగు గాలికి ఆరదు, ఓవెన్ వేడికే గట్టిపడాలి. పొద్దుటి నుంచి ఇద్దరం థర్మామీటరు మార్చాం, కొత్త రంగు డబ్బా తెరిచాం, పూత పల్చగా వేసి చూశాం. తప్పు వాటిది కాదు.

బొమ్మ కంకిపాడు దగ్గరి ఒక అంగన్‌వాడీది. బాలింతలకు బిడ్డ స్నానం దీంతోనే నేర్పుతారు. ముఖం చెరిగిపోయాక ఎవరూ ఎత్తుకోవడం లేదని టీచరుగారు పంపారు. చివరికి అక్క ఆమెకే ఫోన్ చేసింది.

“బొమ్మకు ఏమన్నా రాశారాండీ?”

“కొబ్బరినూనేనండీ, నాలుగేళ్లుగా వారం వారం. ఉత్త చేతులతో మర్దనా చూపిస్తే తల్లులు నవ్వరూ?”

“మా పిల్లలకన్నా సుఖపడిందండీ మీ బొమ్మ,” అంది అక్క నీరసంగా.

సబ్బుతో కడిగి, స్పిరిట్‌తో తుడిచి మళ్లీ రంగేశాం. ఇప్పుడు ఓవెన్‌లో ఉంది. వినైల్‌కు పట్టిన నూనె వదిలించే దారి ఇంకేదైనా తెలిస్తే చెప్పండి.

రేపు పదింటికి టీచరుగారు వచ్చి బొమ్మను తీసుకెళ్తారు. పదకొండింటికి క్లాసు. పాఠం నూనె మర్దనా.