సిస్టరమ్మల సమ్మెకు నా నాయకత్వం

చెప్పకుండా ఉంటే నా పరువు దక్కుతుంది, చెబితే మీకు నవ్వు దక్కుతుంది. పరువుతో నాకిప్పుడు పెద్ద పనేం లేదు కాబట్టి, బెల్లంపల్లిలో ఒక కాన్వెంటు మొత్తాన్ని నేను సమ్మెలోకి దించిన ఘనకార్యం వినండి.

బొగ్గుబావులు జోరుగా నడిచే కాలంలో మా ఊరికి వచ్చిన సిస్టరమ్మలు ముందు రేకుల షెడ్డులో దవాఖానా పెట్టారు, తర్వాత బడి, ఆ తర్వాత కుట్టు సెంటరు. మా అవ్వ షుగరు పుండుకు రోజూ కట్టు కట్టేది వాళ్లే. నేను డిగ్రీ ముగించి, లోకాన్ని బాగుచేయడానికి ఖాళీగా ఉన్నాను. ఒక పొద్దున అవ్వ మందు కోసం వెళితే దవాఖానాకు తాళం! తోటలో సిస్టరమ్మలు తలొక మూల కూర్చున్నారు. పెద్ద సిస్టరమ్మను పలకరిస్తే చిన్నగా నవ్వి, పెదవుల మీద వేలు పెట్టుకుని వెళ్లిపోయింది.

దవాఖానా మూసేస్తే అవ్వ కాలు ఏం కావాలి? బావిలో పనిచేసినన్నాళ్లూ యూనియన్ జెండా మోసిన మా నాన్న, అదే మా బాపు దగ్గరికి పరుగెత్తాను.

"తాళమేసిండ్రా? ఎవ్వలు మాట్లాడ్త లేరా?"

"లేరు బాపూ!"

"గది మౌనదీక్షనే బిడ్డా! పైనోళ్లు దవాఖాన బంద్ పెడ్తుండ్రు, పాపం ఒక్కలే కొట్లాడుతుండ్రు. నడువు!"

మా ఊరి బుద్ధే అంత. ఎవరైనా మాట్లాడకుండా కూర్చుంటే డిమాండ్లేమిటని అడుగుతాం.

మధ్యాహ్నానికల్లా గేటు ముందు టెంటు, కాలనీ జనం, నా చేతిలో మైకు.

"సిస్టరమ్మల న్యాయమైన డిమాండ్లు..."

"నెరవేర్చాలి!"

అవేమిటో జనానికీ తెలియదు, నాకూ తెలియదు. అంతలో సంచీతో ఒక ఫాదరు వచ్చాడు. బాపు అడ్డంగా కూర్చున్నాడు. "మేనేజ్మెంటు మనిషి! దవాఖాన తెరుస్తమని రాసిస్తేనే లోపటికి!"

"నేను ప్రార్థన చెప్పేటందుకు వచ్చిన అయ్యా."

"అందరు గట్లనే అంటరు!"

చివరికి పెద్ద సిస్టరమ్మే బయటికి వచ్చింది. దీక్ష విరమణకు నేను నిమ్మరసం అందించాను. ఆమె తాగి, కేరళలో పుట్టినా మా కంటే చక్కగా వచ్చిన మా యాసలో అంది:

"ఏడాదికోపారి గిట్ల మాట్లాడకుంట ధ్యానంల కూసుంటం తల్లీ. ఎల్లుండి దవాఖాన తెరుస్తం. మీ అవ్వకు కట్టు కట్టనీకి నర్సును ఇంటికే పంపినం."

నేను ఖాళీ గ్లాసు వెనక్కి తీసుకున్నాను. బాపు మాత్రం ఆశ వదల్లేదు. "గట్లయితే డిమాండ్లు ఏం లేవా సిస్టరమ్మా?"

"ఒక్కటున్నది. దేవుడేమన్న చెప్తడేమోనని కూసున్నం, మీ లొల్లికి ఆయన మాట ఇనవడ్త లేదు. మైకు బంద్ చెయ్యుండ్రి."

"నెరవేర్చాలి!" అని అరిచారు మా జనం, అలవాటుగా.

ఆ క్షణమే బొగ్గుబావుల సాక్షిగా ప్రమాణం చేశాను. ఈ జన్మలో మళ్లీ, అడగనిదే ఎవరికీ నాయకత్వం వహించను.