కప్పల్ పారు

పుదుచ్చేరి సముద్రంలో పాత ఓడ ఉన్న చోటును కనిపెట్టింది నేనేనని ఏడేళ్ళపాటు అందరూ అనుకున్నారు. కాదని నేను చెప్పలేదు. ఆ చోటు చెప్పినవాడు నెల్లితోపులో వలదారం అమ్మే ఆర్. కుప్పుసామి నాయుడు.

1979 జనవరిలో నన్ను యానాం నుంచి పుదుచ్చేరికి బదిలీ చేసి, ఓడ అన్వేషణ బృందంలో విద్యా సమన్వయాధికారిగా వేశారు. ఫ్రెంచివాళ్ళ కాలంలో మునిగిన తెరచాప ఓడ కోసం వెతుకులాట అది. సముద్రం నెమ్మదిగా ఉండే మార్చి ఆఖరుదాకానే అనుమతి. నా పని బడుల్లో ఆ వెతుకులాట గురించి పాఠం చెప్పడం. అక్కడ ఎవరైనా సముద్రం గురించి ఏమైనా చెబితే, చెప్పినవారి పేరు, తేదీ, అన్నది అన్నట్టే సమాచార చీటీ మీద రాసి, ఆ రోజే సర్వే అధికారికి ఇవ్వాలి.

పాఠానికి ఒక తొట్టి ఉండేది. ఇసుకలో అయస్కాంతం రుద్దిన మేకులు పాతి, పైన వరసగా దారాలు కట్టేవాణ్ణి. పిల్లలు దారం వెంబడే దిక్సూచిని జరుపుతారు. ముల్లు తిరిగినచోట చుక్క పెడతారు. మా పడవ చేసేదీ అదే. ఇనుము జాడ పట్టే మాగ్నెటోమీటరును వెనక కట్టుకుని, పొలం దున్నినట్టు సాలు పక్కన సాలుగా తిరిగేది.

నెల్లితోపు బడిలో పాఠానికి ఊరివాళ్ళనూ పిలిచాం. నాయుడు వెనక బెంచీ మీంచి లేచాడు.

“తొట్టి బాగుండాది సార్. అయితే యాడ యెతకాలో వలనే చెప్తాది. చున్నాంబారు మొగకి నేరుగా, కప్పల్ పారు!”

చున్నాంబారు ఏరు సముద్రంలో కలిసే మొగ ఊరికి దక్షిణాన ఉంది. కప్పల్ అంటే తమిళంలో ఓడ. పారు అంటే చూడు. నాకప్పటికి వచ్చిన తమిళం అంతే.

“చూశాం నాయుడుగారూ, అది మా పడవే!” అన్నాను. బడంతా ఘొల్లుమంది. “తాతకి కండ్లజోడు కావాల!” అని ఎవరో అరిచారు. నేనూ నవ్వాను.

“ఏంది నవ్వు? నేను చూడమనలేదే,” అని ఆయన తువ్వాలు దులుపుకుని వెళ్ళిపోయాడు. నేను చీటీ రాయలేదు.

ఐదు వారాలు ఉత్తరాన సాళ్ళు తిరిగాం. ఏమీ దొరకలేదు. మార్చిలో కిరుమాంబాక్కం బడిలో పిల్లలు గీసిన సముద్రపు బొమ్మలో, నీళ్ళ అడుగున ఒక మిట్ట, దాని మీద తమిళంలో ‘పారు’ అన్న అక్షరాలు కనిపించాయి. టీచరమ్మను అడిగాను.

“రాతి దిబ్బ సార్. చేపలు చేరే తావు. వల చిక్కుకుంటే చినిగిపోతాది.”

నాయుడు అన్నది ‘ఓడను చూడు’ అని కాదు, ‘ఓడ దిబ్బ’ అని. ఆ సాయంత్రమే ఆయన దుకాణానికి పోయాను. ఆయన పాత నవ్వు సంగతి ఎత్తలేదు. చినిగిన వల ఒకటి పరిచాడు. రాతికి చినిగితే పోగు పీచుపీచుగా లేస్తుందనీ, గుల్లపొడి అంటుతుందనీ, ఆ ఒక్క చోట చినిగిన వలలకు మాత్రం తుప్పు మరక ఉంటుందనీ చూపించాడు. సముద్రంలో అడుగు పెట్టని మనిషి, తన దగ్గరికొచ్చిన చిరుగులను బట్టి సముద్రపు అడుగును చదివాడు. అంత నిశితంగా చూసే మనిషిని మా బృందంలో నేను ఎరగను.

చీటీ రాశాను. ఆయన పేరు రాస్తే, ఆయన ఎప్పుడు చెప్పాడో కూడా రాయాలి. ఐదు వారాలు దాచానని తేలిపోతుంది. పేరు గడిలో ‘సమన్వయాధికారి సేకరణ’ అని రాశాను. పడవను చున్నాంబారు మొగకి ఎదురుగా తిప్పారు. నాలుగో సాలులో మాగ్నెటోమీటరు ముల్లు ఎగిరింది. ఈతగాళ్ళు దిగి లంగరునూ రెండు ఫిరంగులనూ చూసి వచ్చారు. నాకు పదోన్నతి వచ్చింది.

ఓడ దొరికిన సంగతి చెప్పే ప్రదర్శన బోర్డులు మా లాస్‌పేట ఆఫీసులో రంగు ఆరుతుండగా నాయుడు వచ్చాడు. అవి యానాం బడులకు పంపే తెలుగు బోర్డులు. తమిళ బోర్డుల్లో చోటు ఎవరు చెప్పారన్న పంక్తే నేను వేయించలేదు. ఆయనకు తమిళం చదవడం వచ్చు, తెలుగు మాట్లాడటమే కానీ చదవడం రాదు.

“నా మాట యాడన్నా రాసినారా సార్? కొంచెం చదువు.”

బోర్డు మీద నా హోదా ఉంది. నేను ఆయన పేరు చదివాను. పేరు ముందరి ‘ఆర్.’తో సహా చదివాను. ఆయన ఆ పంక్తిని తాకబోయి, రంగు తడి చూసి చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

1986లో దుకాణానికి వెళ్ళి నిజం చెప్పాను. ఆయన దారం చుడుతూనే విన్నాడు.

“తెలుసు సార్. మా చెల్లెలి కూతురు యానాంలో టీచరు. ఆ యేడే చదివి చెప్పింది. నువ్వు చదివిందే బాగుండె.”

క్షమించమన్నాను. ఆయన చుట్టడం ఆపాడు.

“నాకెందుకు చెప్తావు? యాడ నవ్వినావో ఆడ చెప్పు.”

ఉద్యోగం మానుకున్నాక ఇది రాస్తున్నాను. ఈ పనిలోకి వచ్చేవారికి నేను చెప్పగలిగేది ఒకటే: విన్న మాట అర్థమైందా లేదా అన్నది తర్వాత, ముందు చెప్పినవారి పేరుతో, అన్నట్టే రాయండి.

నాయుడు ఆ మాట అన్న తర్వాతి సోమవారమే నెల్లితోపు బడిలో మళ్ళీ తొట్టి పెట్టాను. నాయుడు అదే వెనక బెంచీ మీద కూర్చున్నాడు. పిల్లలు కొత్తవాళ్ళు. ముందుగా నల్లబల్ల మీద ‘ఆర్. కుప్పుసామి నాయుడు’ అని తమిళంలో రాశాను. “ఓడ చోటు చెప్పింది ఈయన. ఈ గదిలోనే చెప్పారు. నాకు మాట తెలియక నవ్వాను, మీ అన్నలనూ అక్కలనూ నవ్వించాను. తర్వాత ఆయన పేరు తీసేసి నా హోదా రాసుకున్నాను. తప్పు నాది. నాయుడుగారూ, క్షమించండి,” అన్నాను.