ఏలీయా గారి ముందస్తు భయం

మా ఏలీయా గారికి భయం. దేనికని అడక్కండి. దేనికి కాదో అడిగితే జవాబు తొందరగా తేలుతుంది. కొత్త వస్తువు ఏది కనిపించినా ఆయన నోట్లోంచి వచ్చే మొదటి మాట, "మొరాయిస్తేనో?"

గొడుగు కొంటే ముందు కాలవలో ముంచుతారు. చెప్పులు కొంటే పెరట్లో ఒండ్రుమట్టిలో పాతిపెట్టి, మర్నాడు తవ్వి తొడుక్కుంటారు. ఓసారి సఖినేటిపల్లి రేవులో గోదావరి దాటే పంటు ఎక్కబోతూ, ఇంజను ఆపించి మళ్ళీ స్టార్టు చేయించారు. జనం విసుక్కుంటే, "నది మధ్యలో విసుక్కునే కంటే ఒడ్డునే నయం కదండీ" అన్నారు.

వాళ్ళావిడ ఎలీసమ్మ గారు మిక్సీ కొని మంచం కింద దాచేశారు.

"ఎలీసమ్మా, ఆ మిక్సీ ఓసారి ఇలా..."

"ఆయ్, ఇస్తాను. ముందు మీరు కాలవలో మునిగి రండి. మీరు పనిచేస్తే అప్పుడు మిక్సీ సంగతి చూద్దాం!"

ఇంతటి మనిషి రిటైరయ్యేదాకా పనిచేసింది ఎక్కడనుకున్నారు? ఉత్తరాదిలో ఓ తుపాకుల ఫ్యాక్టరీలో! దీపావళి సిసింద్రీకే చెవుల్లో దూది కుక్కుకునే మనిషి. సాయంత్రాలు ఆయన అరుగు మీద చేరి ఆ కబుర్లు చెప్పించుకోవడం నాకు అలవాటు.

"అక్కడ మీ పనేంటండీ?"

"తుపాకులు చెడగొట్టడవండి, రాజుగారూ."

"జీతమిచ్చి మరీనా?"

"ఆయ్. పీఎఫ్ కూడానండి."

కమాండోల కోసం కొత్త రైఫిలు తయారవుతున్న రోజులవి. పొట్టి గొట్టం, తక్కువ బరువు, చీకట్లోనూ గురి చూపే అద్దం. ఇంజనీర్లు పసిబిడ్డను అప్పగించినట్టు నమూనా తెచ్చి ఇస్తే, ఏలీయా గారి జట్టు దాన్ని సిమెంటు గచ్చు మీద పడేసేది, ఇసకగాలిలో నిలబెట్టేది, మంచుపెట్టెలో బిగించేది. ఆ తర్వాత కాల్చి చూసేవారు. అన్నీ గట్టెక్కి అందరూ మిఠాయిలు పంచుకుంటుంటే, ఈయనొక్కరే మొహం వేలాడేసుకు కూర్చున్నారట.

"మా కోనసీమ బురదలో పడితేనో?"

"బురద పరీక్ష అయిపోయిందిగా" అన్నాడట ఆఫీసరు.

"అది జల్లించిన బురదండీ. మాది మీరు చూళ్ళేదు. కాలు పైకొచ్చినా చెప్పు రాదండీ."

అందరూ నవ్వారు. ఈయన మాత్రం సెలవుకొచ్చి, కాలవ పూడికతీతలో వచ్చిన ఒండ్రు బస్తాకెత్తి రైలెక్కించారు. దార్లో రైల్వే పోలీసు బస్తా విప్పించాడు.

"ఏమిటిది?"

"బురదండీ."

"ఎందుకు?"

"తుపాకీకి పూయడానికండీ."

ఆ రైలు ఈయన్ని వదిలేసి వెళ్ళిపోయింది.

ఎలాగో ఫ్యాక్టరీ చేరిన ఆ ఒండ్రులో పూడ్చి తీస్తే, రైఫిలు తూటా ఇరుక్కుని నోరు మూసుకుంది. ఇంజనీర్లు చొక్కా చేతులు మడిచారు. లోపలి సందులు సరిచేశారు, ఖాళీ తూటా బయటికెగిరే కంతకి మూత పెట్టారు. మళ్ళీ పాతారు, మళ్ళీ తీశారు. చివరికది బురద కక్కుతూ కూడా పేలింది. ఆ మీదట సైన్యం వాళ్ళు ఎడారిలోనూ మంచుకొండల్లోనూ తమ పరీక్షలు తాము చేసుకుని, దాన్ని తీసుకున్నారు.

ఆ రైఫిలు ముందుగా అందుకున్న కమాండోల్లో మా వీధి శామ్యూల్ ఒకడు.

మొన్న వానల్లో శామ్యూల్ ఫోను మూగబోయింది. సరిహద్దులో ఏదో జరుగుతోందని టీవీ హోరెత్తుతోంది. అతని భార్య రెబెకా కళ్ళెదుటే పాలు పొంగిపోతున్నా కదిలేది కాదు. వీధిలో మోటారుసైకిలు ఆగితే మా అందరి గుండెలూ దాంతోపాటు ఆగేవి.

అలాంటి ఇంటికి ఓ పొద్దున్న ఏలీయా గారు బయల్దేరారు. అక్కడ కూడా ఆ మాటే అంటేనో? ఆపుదామని పరుగెత్తాను. అప్పటికే ఆయన గుమ్మంలో కూలబడ్డారు.

"అమ్మా రెబెకా, కాళ్ళూ చేతులూ ఆడట్లేదమ్మా. ఆ రైఫిలు మొరాయిస్తేనో?"

నేను కళ్ళు మూసుకున్నాను.

"ఊరుకోండి బాబాయ్ గారూ!" రెబెకా మంచినీళ్ళు తెచ్చింది. "బురదలో పాతి చూసింది మీరే కదండీ? ఆయనకేం కాదు. అసలు మీరేవైనా తిన్నారా?"

ఇడ్లీ పెట్టింది. ఒక్కరూ తింటే పొలమారుతుందని ఆయనకి భయమట. ఆమె కూడా పళ్ళెం తెచ్చుకోవాల్సి వచ్చింది. ఇద్దరూ తిన్నారు.

రోజూ ఇదే వరస. రోజూ ఈయన వణకడం, ఆమె ధైర్యం చెప్పడం, ఇద్దరూ తినడం. ఓనాడు బయటికొచ్చాక చూద్దును కదా, ఆయన చేతుల్లో వణుకు లేదు!

"మీకు భయం లేదాండీ?"

"రైఫిలుకి పడాల్సిన భయవంతా ఫ్యాక్టరీలోనే పడి వచ్చేసేనండి, రాజుగారూ. చేత్తో పట్టుకున్నోడు పడకూడదు కదండీ, అందుకని ముందే మేం పడిపోవాలి. ఇప్పుడీ పిల్లకి నన్ను ఓదార్చే పని పడితే, తన బెంగ కాసేపు మర్చిపోద్ది. నాలుగు మెతుకులు తింటది."

"మరి శామ్యూల్ కోసం?"

ఆయన తమ ఇంటి వైపు తిరిగారు.

"అది ఇంట్లో పడతానండి. తలుపేసుకుని."

ఆ ఆదివారం చర్చి గంట మోగుతుండగా ఫోనొచ్చింది. రెబెకా ఏడుస్తూ నవ్వుతూ మాట్లాడి, ఫోను ఏలీయా గారి చెవికి ఆనించింది.

"బాబాయ్ గారూ, పీకల్దాకా బురదలో పడ్డానండీ. మన కాలవే గుర్తొచ్చింది. రైఫిలు మాత్రం మొరాయించలేదండీ."

"దాని సంగతి నాకు తెల్సు గానీ, బూట్లో?"

"ఒకటి అక్కడే ఉండిపోయిందండీ."

ఏలీయా గారి మొహం వేలాడిపోయింది.

శామ్యూల్ సెలవుకొచ్చిన మర్నాడు పొద్దున్నే గుమ్మం ముందు అతని కొత్త బూట్లు కనపడలేదు. ఇల్లంతా వెతుకుతుంటే, రెబెకా ఏమీ అనకుండా ఏలీయా గారి పెరటి వైపు చూపించింది. అక్కడ ఆయన ఒండ్రులో మోకాళ్ళ మీద కూర్చుని గునపంతో గొయ్యి తవ్వుతున్నారు, పక్కనే బూట్లు.

"ఓర్చుకో అబ్బాయ్!" అని అక్కణ్నించే కేకేశారు. "రేపీపాటికి తీసిచ్చేస్తాను!"