గురజాల స్టేషన్లో ఆగిన పాట

మాచర్ల ప్రయాణం సంగతి రాసేముందు నా తప్పు ఒప్పుకోవాలి. ఆ రోజు గురజాల స్టేషన్లో ఒక పెళ్లికూతురి ఏడుపు నేనే ఆపించాను.

దేశానికి రాజభాష ఏది కావాలని ఢిల్లీలో పెద్దలు వాదులాడుకుంటున్న రోజులవి. హిందీ ఒక్కటే అయితే తెలుగు గతేమిటని మాచర్లలో సాయంత్రం సభ పెట్టారు. తెలుగు పంతుల్ని గనక నన్ను మాట్లాడమన్నారు. పొద్దున్నే గుంటూరులో మూడో తరగతి టిక్కెట్టు కొని బండెక్కాను. సత్తెనపల్లిలో ఇడ్లీ తిన్నాను. పచ్చడి మంట పిడుగురాళ్ల దాకా దిగలేదు. ఎదుటి బల్ల మీద రెంటచింతల మరియమ్మ, ఒళ్లో కోళ్లగంప. సభలో చెప్పబోయేదంతా దారి పొడుగునా ఆమెకే వినిపించాను.

గురజాలలో సుగాలీ పెళ్లివారు ఎక్కారు. పెళ్లికూతురు తలుపు దగ్గరే ఆగి, కింద ఉన్న ముసలామె మెడ కావలించుకుని, తమ భాషలో రాగం తీస్తూ ఏడుస్తోంది. నా ఉపన్యాసం నాకే వినపడలేదు.

"ఏడిస్తే ఏడిచావు గాని అమ్మాయ్, నలుగురికీ అర్థమయ్యేట్టు తెలుగులో ఏడవరాదూ?" అన్నాను.

పెట్టెలో అందరూ నవ్వారు. ఆ పిల్ల ముసుగు లాక్కుని చేతులు వదిలేసింది. బండి కదిలింది. ముసలామె చేతులు ఇంకా చాచే ఉన్నాయి.

మరియమ్మ నవ్వలేదు. "ఏంది అయ్యోరూ, ఏడవటానిక్కూడా నీ హుకుం కావాల్నా? ఢిల్లీవోళ్లే చానా నయం, ఇంకా వాదులాడుకుంటన్నారు."

నాకు తల ఎత్తబుద్ధి కాలేదు. పెళ్లికూతురి అన్న మెల్లిగా చెప్పాడు: "తండాలో ఒక్కొక్కరినీ పట్టుకుని పాడి సెలవు తీసుకుంది సామీ. పెంచిన అమ్మమ్మ పాట ఆఖరికి ఉంచుకుంది. అది పాడకుండా పోతే ముసల్దాన్ని కాదని పోయినట్టే మాలో."

"రేపు నేను మీ అమ్మమ్మను తీసుకొస్తే?"

"ఒక్కతే బండెక్కదు. మీరు తోలుకొస్తే వస్తదేమో," అని మాచర్ల అవతల చెల్లెలి అత్తవారి తండాకి దారి చెప్పాడు.

సభలో తెలుగు కోసం చెప్పాల్సినదంతా చెప్పాను. చివర గురజాల సంగతీ చెప్పి, మనం ఢిల్లీని అడిగే న్యాయం మన పక్క తండాకీ చెయ్యాలన్నాను. "ఇప్పుడిదెందుకండీ?" అని అధ్యక్షుడు నా ఉత్తరీయం లాగాడు.

మర్నాడు పొద్దుటి బండిలో గురజాల వెళ్లి, తండాలో ఆ అమ్మమ్మ, సోమ్లమ్మ గుడిసె ముందు నిలబడ్డాను. ఆమె నన్ను పోల్చుకుంది.

"తెలుగులో ఏడవమన్న అయ్యోరివి నువ్వేగా? బేరమాడే తెలుగు వచ్చు నాకు. ఏడ్చే తెలుగు రాదు."

"తప్పయింది. నీ భాషలోనే ఏడుద్దువు గాని, రా అమ్మా."

మధ్యాహ్నం బండికి మాచర్ల, అక్కణ్ణుంచి ఎద్దుబండి. అత్తవారి తండా మొదట్లోనే మనవరాలు పరుగెత్తుకొచ్చి మెడ చుట్టేసింది. పాట మొదలైంది. ఒక్క ముక్క అర్థం కాలేదు. అర్థం ఎవరూ చెప్పలేదు, నేనూ అడగలేదు. చెప్పులు విడిచి, అయిపోయేదాకా దూరంగా నిలబడ్డాను.

తిరుగు ప్రయాణంలో సోమ్లమ్మ నా పక్కనే కూర్చుని అదే పాట కూనిరాగం తీస్తోంది. రెంటచింతలలో ఎక్కినాయన విసుక్కున్నాడు.

"ఏం భాషయ్యా అది?"

"ఈమెది," అని లేచి, ఆమెకి కిటికీ పక్క చోటిచ్చాను.