మాటుగాడి చివరి పేజీ

మా బయాలజీ టీచర్ పోయారు. మంగళవారం మధ్యాహ్నం వాళ్ళ తమ్ముడు ఫోన్ చేసేసరికి నేను ఆఫీసులో ఒక గేర్‌బాక్స్ డ్రాయింగ్ ముందు కూర్చుని ఉన్నాను. "చివర్లో నీ గురించే అడిగిందమ్మా. పేజీ తెచ్చిందా అని" అన్నారాయన. తేలేదు. ఆ సంగతి ముందుగా ఒప్పుకుని మిగతాది రాస్తాను.

ఆ పేజీ ఏమిటో తెలియాలంటే మాటుగాడి గురించి చెప్పాలి. మాటుగాడు ఏ సముద్రంలోనూ లేని జంతువు. నేను తొమ్మిదో తరగతిలో ఉండగా టీచర్ మా క్లాసుకి ఒక పని పెట్టారు. కోట్ల ఏళ్ళ తర్వాత, మనుషులూ ఓడలూ పోర్టూ ఏవీ మిగలని రోజుల్లో, మన విశాఖ సముద్రం అడుగున ఏ ప్రాణి బతుకుతుందో ఊహించి గీయమన్నారు. మిగతా పిల్లలు మార్కులు వేయించుకుని మర్చిపోయారు. నేనూ టీచరూ మాత్రం ఇరవై రెండేళ్ళు దాన్ని వదల్లేదు.

నేను గీసింది బురదలో పడుకుని మాటు వేసే జంతువు. పళ్ళెంలా పల్చటి ఒళ్ళు, పైకి తెరుచుకునే నోరు, పోర్టు నుంచి రాలిన ఇనుప ఖనిజం పొడి కలిసిన ఎర్రటి అడుగులో కనిపించకుండా పోయే చర్మం. అది చాలక పెద్ద కళ్ళు, చుట్టూ పది మీసాలు, తోకకి విషపు ముల్లు. టీచర్ చూసి, "అన్నీ పెట్టేసినావేటే! ఇచ్చినదానికి బదులు ఏటి తీసినావో అది రాయి" అన్నారు. ఆవిడది సబ్బవరం. పాఠం పుస్తకంలా చెప్పేవారు గానీ, సరదా పుడితే ఊరి మాట వచ్చేసేది. ఏడుపు మొహంతో కళ్ళు చెరిపేశాను. అప్పట్నుంచి మాటుగాడు గుడ్డివాడు. మీసాలు బురదలో చుట్టూ పరిచి, ఏ రొయ్యో వాటి మీద కాలు పెట్టేదాకా కదలడు.

మా అమ్మ హార్బర్ నుంచి చేపలు తెచ్చి సీతమ్మధార ఇళ్ళలో అమ్మేది. అక్కడే ఉండే టీచర్ చేప కొంటే ముందు కత్తెరతో పొట్ట కోసి, అది ఆఖరుసారి ఏం తిందో చూసి నోట్‌బుక్కులో రాసుకునేవారు. కూర ఆ తర్వాతే. చర్చి నుంచి వచ్చాక ఈ పని మొదలయ్యేది కాబట్టి, ఆదివారం ఆ ఇంట్లో మూడింటికి ముందు భోజనం ఎవరూ ఎరగరు. అలాంటి ఒక ఆదివారం నేనూ అక్కడే ఉన్నాను. రెండు నెలలు కూర్చుని రంగులేసిన మాటుగాడి బొమ్మ బల్లమీద ఆరుతోంది. అమ్మ గంప దించి దానివైపు చూసింది.

"ఏటి టీచరమ్మా, ఈడు బురదలో ములిగిపోయి ఉంటాడా? మరి ఊపిరెలా తీత్తాడు? నోట్లోకి బురదెలిపోదేటి?"

ఎమ్మెస్సీ చదివిన ఆవిడకి తట్టలేదు, క్లాసు ఫస్టు నాకూ తట్టలేదు. అమ్మ గంపలోంచి విసనకర్రలా పల్చగా, పొడుగు తోకతో ఉన్న టేకు చేపను తీసి, నెత్తి మీద కళ్ళ వెనకాల ఉన్న రెండు కన్నాలు చూపించింది. "ఇది సూడండి. ఇసకలో దాక్కున్నా పైనుంచి నీల్లు లాక్కుంతాది."

టీచర్ బొమ్మను అడ్డంగా చింపేశారు. నాకు ప్రాణం ఉసూరుమంది. ఆవిడ మాత్రం అమ్మను కుర్చీలో కూర్చోబెట్టి, టీ ఇచ్చి, కొత్త కాగితం మీద "ఊపిరి సరిచేసినవారు" అని అమ్మ పేరు రాశారు. అమ్మకు చదవడం రాదు. ఆ కాగితం ఇప్పటికీ మా బీరువాలో, పట్టుచీర మడతలో ఉంది.

ఈ ఏడాది మొదట్లో టీచర్‌కి ఊపిరితిత్తుల జబ్బు ముదిరింది. చూడ్డానికి వెళితే ముక్కులో ఆక్సిజన్ గొట్టం పెట్టుకుని, "సూడే, నాకూ రెండు కన్నాలు పెట్టారు. మీ అమ్మకి సెప్పు" అని నవ్వారు. నవ్వితే ఆయాసం వచ్చింది. అది తగ్గాక, మాటుగాడి గురించి మేం రాసుకున్న నోట్‌బుక్కు నా చేతిలో పెట్టారు. "వీడు ఎలా పుడతాడో రాశాం, ఎలా తింటాడో రాశాం. ఎలా పోతాడో రాయలేదు. ఆ పేజీ నువ్వే రాయాలి. నేను చూడాలి."

సరే అన్నాను. నాలుగు నెలలు తప్పించుకు తిరిగాను. ఆఫీసులో పని అన్నాను, ఒంట్లో బాలేదన్నాను. ఆ పేజీ రాస్తే ఆవిడ్ని నేనే సాగనంపినట్టవుతుందని భయం. ఆవిడకి అర్థమైపోయింది. "పుట్టించడానికి లేని భయం ఇప్పుడేటే?" అని ఒకసారి ఫోన్‌లో కోప్పడ్డారు కూడా. నాది పిరికితనం. దాని వల్ల ఆవిడ ఆ పేజీ చూడకుండానే వెళ్ళిపోయారు. ఇది నన్ను చాలాకాలం బాధపెడుతుంది.

సమాధుల తోట నుంచి ఇంటికి వచ్చేసరికి అమ్మ పెరట్లో చేపలు తోముతోంది. పక్కనే కూలబడి చెప్పాను. "చచ్చాక వాణ్ణి పీతలు తినేస్తాయమ్మా. అది రాయడానికి చెయ్యి రావట్లేదు."

"తింతాయి. తినవేటి? ఆ తర్వాత?"

"తర్వాతేముంది. వాడు పడుకున్న గొయ్యి మిగులుతుంది."

అమ్మ తోమడం ఆపింది. "సముద్రంలో కాళీ గొయ్యి ఎక్కడైనా ఉంతాదేటే? ఏదో ఒకటొచ్చి తొంగుంతాది."

నిన్న ఆ పేజీ గీశాను. అందులో మాటుగాడు లేడు. ఎర్ర బురదలో వాడు ఏళ్ళ తరబడి పడుకున్న పల్లం ఉంది. దాని చుట్టూ మీసాలు పరిచిన చోట పది సన్నటి చాళ్ళు ఉన్నాయి. పల్లం మధ్యలో అరచేతంత టేకు పిల్ల ఒకటి. కోట్ల ఏళ్ళ తర్వాత కూడా టేకు చేపలుంటాయా అని టీచర్ తప్పకుండా అడిగేవారు. అమ్మ మాట మీద ఉంచేశాను. ఒళ్ళంతా ఇసుక కప్పుకుని పడుకుంది అది. నెత్తి మీది రెండు కన్నాలు మాత్రం తెరిచే ఉన్నాయి.