వదిన అడిగిన దిండు

ఆసుపత్రి బట్టల గదిలో ఇరవై ఆరేళ్లు చిరిగిన దుప్పట్లకు కుట్లు వేసిన మనిషి ఆమె. "మనుషులకు డాక్టరుగారు వేస్తారు, మంచాలకు నేను వేస్తాను" అని తనే నవ్వుతూ చెప్పుకునేది. దాంతో నర్సులు పెట్టిన కుట్లమ్మ అనే పేరు ఇంటిదాకా వచ్చేసింది. దుప్పటి చేతికి రాగానే కిటికీకి ఎదురుగా పట్టి చిల్లులు వెతకడం ఆమె ఉద్యోగం. ఉద్యోగం అయిపోయినా ఆ చూపు పోలేదు. పాలు పోసేవాడు నవ్వుతూ పలకరిస్తే ముందు గిన్నెలోకి తొంగి చూస్తుంది.

అలాంటి కుట్లమ్మ ఇంటికి ఒక మధ్యాహ్నం ఆమె వదిన వచ్చింది.

ఉండేది రెండు వీధుల అవతలే అయినా, అన్నయ్య పోయాక వదిన ఈ గడప తొక్కింది లేదు. పైగా కుట్లమ్మ కుట్టే బొంతల్ని ఒకప్పుడు నలుగురిలో "పీలికల పని" అని తీసిపారేసిన మనిషి. కుర్చీ అంచు పట్టుకుని నెమ్మదిగా కూర్చుని, మంచినీళ్లు కూడా ముట్టకుండా విషయానికి వచ్చింది.

"అమ్మాయ్, నాకో దిండు కుట్టిపెట్టవే. హాల్లో కుర్చీలో వేసుకోవడానికి. నీ చేతి బొంతకుట్టుతో."

"నీ కోడలికి దిండ్ల కొట్టే ఉంది కదా వదినా!"

"అవి నాకొద్దు."

"ఎందుకని?"

"వద్దంటే వద్దు. కుడతావా, కుట్టవా?"

కుట్లమ్మ కుడతానంది గానీ, లోపల పురుగు తొలవడం మొదలైంది. పరదాలూ దిండ్లూ అమ్మే కోడలికి కొత్త డిజైన్లు కావాలి. అత్తగారిని పంపి ఒకటి కుట్టించుకుంటే, దాన్ని చూసి మిషను మీద వంద కుట్టించుకోవచ్చు. ఇంతకాలం లేని ప్రేమ ఇప్పుడెక్కడినుంచి పుట్టుకొచ్చింది మరి?

అందుకే మొదటి నమూనాకి తన మంచి డిజైన్లు బయటికి తీయలేదు. ఏడు రంగుల ముక్కలతో ఒక మామూలు నక్షత్రం చేసి చూపించింది. వదిన దాన్ని కళ్లతో చూసింది తక్కువ, వేళ్లతో నలిపింది ఎక్కువ.

"ఇందులో ఏముందే? అంతా చదునుగా ఉంది."

"ఏడు రంగులున్నాయి!"

"రంగులు ఎవడిక్కావాలి? కుట్టు తెలియాలి."

కుట్టు తెలియాలట! దుప్పట్లు కుట్టిన దానికి పనితనం నేర్పుతోంది! కుట్లమ్మకు ఒళ్లు మండింది. ఇది కచ్చితంగా కోడలి పాఠమే అనుకుని, మర్నాడు పరదా రింగుల వంకతో కొట్టుకి వెళ్లింది. గోడ నిండా దిండ్లు. ఎంత వెతికినా చేతికుట్టు ఒక్కటీ కనబడలేదు.

"రండి పిన్నిగారూ" అంటూ ఎదురొచ్చింది కోడలు.

"మీ అత్తగారి దిండు సంగతి..." అని కుట్లమ్మ ఎర వేసింది.

"ఏం దిండు? అత్తయ్యగారు మీ ఇంటికి వచ్చారా? పార్కుకి వెళ్తున్నానన్నారే!"

ఆ అమ్మాయి ముఖంలో నటన లేదు. "దారిలో కనబడిందిలే" అని మాట మార్చి, అక్కర్లేని రింగులు కొనుక్కుని బయటపడింది. ఇంట్లో అబద్ధం చెప్పి మరీ వస్తోందంటే, ఈ వ్యవహారం తను అనుకున్నదానికంటే లోతైనదే.

మళ్లీ వదిన వచ్చేసరికి, "కుట్టు తెలియాలి" అన్న మాట పట్టుకుని కుట్లమ్మ బల్ల మీద మూడు నమూనాలు పెట్టింది. అన్నీ ఒకే రంగు గుడ్డ మీద, మధ్యలో దూది కూరి ఎత్తుగా కుట్టినవి. ఒకటి ఆకు, ఒకటి అల, ఒకటి నత్తగుల్లలా లోపలికి తిరిగే చుట్టు. వదిన ముఖం కిటికీ వైపు ఉంది, వేళ్లు మాత్రం గుడ్డ మీద నడుస్తున్నాయి. కుట్లమ్మ అది గమనించింది. పెట్టెలోంచి ఎర్ర గుడ్డ ఒకటి తీసి చేతిలో పెట్టింది.

"వెనకవైపుకి ఈ పచ్చది వేస్తే ఎలా ఉంటుంది వదినా?"

"పచ్చ బాగానే ఉంటుంది."

కుట్లమ్మ ముందుకు వంగి వదిన కళ్లలోకి చూసింది.

"అది ఎరుపు వదినా."

వదిన గుడ్డను మడతపెట్టింది, విప్పింది, మళ్లీ మడతపెట్టింది. "మా హాల్లో కుర్చీలన్నీ ఒకేలా ఉంటాయి. మొన్న నాదే అనుకుని కూర్చోబోతే, చూడ్డానికొచ్చిన అల్లుడి ఒళ్లో పడ్డంత పనైంది. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. తడిమితే నాదని తెలిసేది ఒకటుంటే చాలే. కొట్లో దిండ్లన్నీ చేప పొట్టల్లా నున్నగా ఉంటాయి."

"కొడుక్కి చెప్పలేదా?"

"చెబితే ఇంక పొయ్యి దగ్గరికి రానిస్తాడా?"

కుట్లమ్మకు జాలి కంటే ముందు కోపం వచ్చింది. "రేపు నువ్వు మెట్లు జారితే, తెలిసీ దాచానని నన్నంటారు. అందుకేనా నన్ను పట్టుకున్నావు?"

"ఇంకెవరైనా అయితే ఈపాటికి నా మీద పడి ఏడ్చేవాళ్లు. నువ్వు ఏడవవని వచ్చాను."

ఆ మాట పొగడ్తో కాదో కుట్లమ్మ తేల్చుకోలేకపోయింది. చివరికి ఒక షరతు పెట్టింది. దిండు పూర్తయిన రోజే కంటి డాక్టరు దగ్గరికి రావాలి. వదిన గొణిగి గొణిగి ఒప్పుకుంది.

వదిన వేళ్లు ఎంచుకున్నది నత్త చుట్టు. అంచున మొదలుపెడితే వేలు ఎక్కడా దారి తప్పకుండా నడిమికి చేరుతుంది. కుట్లమ్మ సుద్దతో గీత గీసి, రెండు వరుసల కుట్టు మధ్య వెనకనుంచి నూలు తాడు దూర్చింది. ఒకచోట తాడు మెలిపడితే విప్పి మళ్లీ దూర్చింది. నాలుగంచులూ కలిపి, దూది కూరి, చివరి బెత్తెడు నోరు కనబడని కుట్టుతో మూసింది. వదిన చుట్టు పొడవునా వేలు నడిపి, "ఇది పీలికల పని కాదే" అంది. కుట్లమ్మ వినబడనట్టు దారం తెంపింది.

ఆసుపత్రిలో డాక్టరు దాచకుండా చెప్పాడు. ఒక కంటికి పొర, తీసేయొచ్చు. రెండో కంట్లో ఒత్తిడి వల్ల పోయిన చూపు తిరిగిరాదు. కొంచెం ముందే రావలసింది. ఆ సాయంత్రం వదిన కొడుకునూ కోడలినీ కూర్చోబెట్టి తనే చెప్పింది. కొడుకు ముందు అరిచాడు, తర్వాత వాళ్లమ్మ చెయ్యి పట్టుకుని చాలాసేపు వదల్లేదు.

ఆపరేషనయ్యాక వదిన ఒక కంటితో పేపరు పెద్దక్షరాలు చదువుతోంది. దిండు ఉన్న కుర్చీలో ఇంకెవరూ కూర్చోరు. కుట్లమ్మ రోజు విడిచి రోజు వెళ్తుంది.

"కంట్లో చుక్కలు వేసుకున్నావా?"

"వేసుకున్నానే."

"నాకు నమ్మకం లేదు. నా ఎదురుగా వేసుకో."

"ఇందాకే వేసుకున్నాను మొర్రో అంటుంటే!"

"అయితే తర్వాతి చుక్క వేళయ్యేదాకా ఇక్కడే కూర్చుంటాను" అని కుట్లమ్మ పక్క కుర్చీ లాక్కుంది.